వైకుంఠపాళి: పాము మింగిన కాయ తప్పేముంది?

ముక్కోటి ఏకాదశి, శివరాత్రి జాగారాలు దగ్గర పడేకొద్దీ అటకల మీది వైకుంఠపాళి పటాలు కిందికి దిగుతాయి. కర్నూలు, అనంతపురం, కడప వైపు పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఈసారి ఆరు ఆ పటం గురించే ఉన్నాయి. అందుకే ఈ నెల ప్రశ్నలు–జవాబుల శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాం.

ప్రశ్న: పెద్దపిల్లకు తొమ్మిదేళ్లు, చిన్నోడికి ఆరు. ఇద్దరూ వైకుంఠపాళి ఆడతారు. చిన్నోడు పైవరుసల దాకా పోయి పెద్దపాము నోట్లో పడ్డాడంటే చాలు, పటం లాగి విసిరేస్తాడు. వాడు ఏడవకూడదని అక్క ఒక గడి ఎక్కువో తక్కువో లెక్కపెట్టి పాము దాటిస్తోంది. నేను చూసీ చూడనట్టు ఉంటున్నా. ఇట్లా చేయనియ్యొచ్చునా?
– ఒక తల్లి, కర్నూలు

జవాబు: అక్క మనసు మంచిదేనమ్మా, కానీ ఆ దొంగలెక్క మాన్పించండి. ఆరేళ్ల పిల్లాడికి ఆరు దాకా లెక్క బాగానే వచ్చు. ఇవాళ కాకపోతే రేపు కనిపెడతాడు. కనిపెట్టిన రోజు నుంచి తను నిజంగా గెలిచిన ఆటల మీద కూడా వాడికి అనుమానమే. పాము బాధ తగ్గించాలనుకుంటే ఆట మొదలుపెట్టక ముందే, ఇద్దరి ఎదుటా చెప్పి, నియమం మార్చండి.

ముందు పటం పొడవు చూడండి. మన పాత తెలుగు అచ్చుల్లో ఎక్కువ వాటికి 132 గడులుంటాయి. పాచికకు ఒక పందెం (అంటే ఒకసారి వేస్తే పడేది) సగటు మూడున్నర. పాములూ నిచ్చెనలూ ఏవీ లేవనుకున్నా 132 గడులు దాటడానికి దాదాపు 38 పందేలు కావాలి. ఒక్కో పందేనికి, కాయ జరపడానికి కలిపి పావు నిమిషం వేసుకున్నా ఇద్దరికి దాదాపు ఇరవై నిమిషాలు పడుతుంది, నలుగురు కూర్చుంటే దాదాపు నలభై. అందులో పెద్దపాము రెండుసార్లు మింగిందంటే గంట. ఆరేళ్ల పిల్లాడు పటం విసిరేస్తున్నది పాము మీద కోపంతో ఎంతో, అలసటతోనూ అంతే. పై ఆరు వరుసల మీద తెల్లకాగితం పరిచి 66వ గడినే వైకుంఠం అనుకుని ఆడించండి. నిచ్చెన పైకొస కాగితం కిందికి పోతే ఆ నిచ్చెన ఆరోజుకు లేదు. ఎనిమిదేళ్లు వచ్చాక కాగితం తీసేయొచ్చు.

రెండోది, ఒకటి పడితేనే కాయ దిగాలనే నియమం. ఒకటి పడటానికి సగటున ఆరు పందేలు పడుతుంది. సగటు మాట అట్లా ఉంచితే, ప్రతి ఆరుగురిలో ఒకరికి పది పందేలు వేసినా ఒకటి పడదు. పక్కవాళ్లు నిచ్చెనలెక్కుతుంటే తను ఇంకా గట్టు మీదే కూర్చోవడం చిన్నపిల్లలకు పాముకాటు కంటే కష్టం. చిన్నోడు ఆడే ఆటల్లో ఈ నియమం వద్దు.

చివరి గడికి సరిగ్గా పడాలనే నియమం కూడా ఇలాంటిదే. ఇక్కడ చాలామంది గమనించని తమాషా ఒకటుంది. చివరి గడికి ఒక్క గడి దూరంలో ఉన్నా, ఆరు గడుల దూరంలో ఉన్నా, మధ్యలో పాము లేకపోతే కాయ పండటానికి సగటున పట్టే పందేలు ఆరే. దగ్గరికొచ్చేసినవాడికి పడాల్సిన సంఖ్య ఒకటే. ఆరు గడుల వెనక ఉన్నవాడికి ఏది పడినా కదలిక. ఆ చివర అక్క, తమ్ముడు ఇద్దరూ ఇరుక్కుపోయి విసిగిపోతుంటే ‘ఎక్కువ పడినా పండినట్టే’ అని ముందే అనుకోండి.

ఇక అసలు మాట. వైకుంఠపాళిలో ఆడేవాళ్లు తీసుకునే నిర్ణయం ఒక్కటి కూడా లేదు. పాచిక ఎంత పడితే అంత జరగాలి, గడి ఏం చెబితే అది చేయాలి. కాబట్టి చిన్నోడు పాము నోట్లో పడినప్పుడు ‘చూసుకుని వెయ్యాల్సింది’, ‘తొందరపడ్డావు’ అనే మాటలు ఇంట్లో ఎవరి నోటా రానీయకండి. వాడు చేసిన తప్పేమీ లేదు. లేని తప్పును మోయించినప్పుడే పిల్లలు ఎక్కువ ఏడుస్తారు. ‘నాలుగు పడింది, పాము గడి వచ్చింది’ అనండి, అంతే చాలు.

కాయను దించే పని కూడా వాడి చేతికే ఇవ్వండి. చాలా ఇళ్లలో జరిగేది ఏమిటంటే, పాము పడగానే పక్కవాళ్లు ఉత్సాహంగా కాయను లాక్కుని తోక దగ్గర ‘టక్’మని పెట్టేస్తారు. పిల్లాడు కళ్లు మూసి తెరిచేలోగా తను పైన లేడు. అలా కాకుండా, వాడు కాయగా పెట్టుకున్న గాజుముక్కను వాడి వేలికిందే ఉంచి, పాము నోట్లోంచి మొదలుపెట్టి, పడగ కింది వంపు, నడుము వంపు, ఒక్కో వరుస దాటుతూ నెమ్మదిగా తోక దాకా జారనివ్వండి. దాటిన వరుసలు గట్టిగా లెక్కపెట్టమనండి. తోక దగ్గర ఆగాక ఆ కిందివరుసల్లో వాడికి ఎదురుగా ఏ నిచ్చెన ఉందో వేలు పెట్టి చూపించమనండి. ఈ జారడానికి పది సెకన్లు పడుతుంది. ఆ పది సెకన్లలో పటం విసిరే చేతికి ఒక పని దొరుకుతుంది.

తొమ్మిదేళ్ల అమ్మాయికి ఈ ఆట చప్పబడే వయసు వచ్చేసింది. ఇద్దరికీ రెండేసి కాయలు ఇచ్చి చూడండి. పాచిక పడ్డాక రెండింట్లో ఏ కాయ జరపాలో ఆడేవాళ్ల ఇష్టం. రెండూ పండితేనే గెలుపు. నాలుగు పడితే పైకాయ పాము నోట్లోకి పోతుందనుకోండి, కిందికాయను జరుపుకోవచ్చు. అదృష్టం అదృష్టంగానే ఉంటుంది, పక్కన ఆలోచనకు కాస్త చోటు దొరుకుతుంది. తమ్ముడికి ఏ కాయ జరిపితే మేలో అక్కను సలహా చెప్పనివ్వండి. దొంగలెక్కతో చేస్తున్న సాయం ఇలా నిజం సాయం అవుతుంది.

ప్రశ్న: మా ప్రాథమిక పాఠశాల ఆవరణలో సిమెంటు నేల ఉంది. పిల్లలే కాయలుగా నిలబడి ఆడేట్టు పెద్ద పాములు–నిచ్చెనల పటం గీయించాలనుకుంటున్నాం. కొలతలు, రంగులు, గడుల్లో ఏం రాయాలో చెప్పండి.
– ఉపాధ్యాయురాలు, అనంతపురం

జవాబు: పిల్లలు నిలబడాలంటే గడి అడుగున్నరకు తగ్గకూడదు. 100 గడులకు 15 అడుగుల చదరం. నాలుగు పక్కలా రెండడుగుల ఖాళీ వదలండి, లేకపోతే చూసేవాళ్లు పటంలోకే వచ్చి నిలబడతారు. 132 గడులు కావాలంటే అడ్డం పదకొండు, నిలువు పన్నెండు, అంటే పదహారున్నర అడుగులకు పద్దెనిమిది.

మూలమట్టం తప్పితే పదో వరుసకు వచ్చేసరికి గడులు వంకరపోతాయి. ఒక మూల నుంచి ఒక పక్కకు 6 అడుగులు, రెండో పక్కకు 8 అడుగులు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా 10 అడుగులు వచ్చేదాకా దారం సర్దండి. మేస్త్రీలు చేసే పద్ధతే ఇది. నూలుదారానికి జాజు (ఎర్రమట్టి) పూసి, ఇద్దరు చెరో కొస బిగించి పట్టుకుంటే, మధ్యలో లాగి వదలగానే తిన్నని గీత పడుతుంది. 100 గడులకు ఇటు పదకొండు, అటు పదకొండు, మొత్తం 22 గీతలు. అంగుళం వెడల్పు గీతలకు రెండు పూతలకు అర లీటరు తెల్ల ఎనామిల్ సరిపోతుంది. అంకెలకు, పాములకు రంగులు వేరు.

రంగు వేయడానికి ముందు రోజు నేల కడిగి పూర్తిగా ఆరనివ్వండి. మన వైపు ఎండకు మధ్యాహ్నం సిమెంటు కాలిపోతుంటుంది. ఆ వేడి మీద వేసిన రంగు పైపైన ఆరి లోపల బుడగలు లేచి, పది రోజుల్లో పెచ్చులుగా ఊడుతుంది. సాయంత్రం వేయండి. ఎనామిల్ తడిస్తే జారుతుంది కాబట్టి పాముల్లాంటి వెడల్పాటి చోట్ల మొదటి పూత తడిగా ఉండగానే జల్లించిన సన్న ఇసుక పలచగా చల్లి, ఆరాక రెండో పూత వేయండి. ఒకరోజు మొత్తం ఎవరినీ తొక్కనివ్వొద్దు. చోటు ఎంచుకునేటప్పుడే వేపచెట్టు నీడ చూసుకోండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో తొమ్మిది దాటాక ఎండలో ఉన్న నేల మీద ఒట్టికాళ్లతో నిలబడలేరు.

ఎక్కువ మంది తప్పుచేసేది అంకెల దగ్గర. కింది వరుస ఎడమ నుంచి కుడికి 1 నుంచి 10. 11 రావాల్సింది 10కి సరిగ్గా నెత్తిన, అక్కణ్నుంచి వరుస కుడి నుంచి ఎడమకు నడవాలి. పెయింటర్లు అలవాటుకొద్దీ 11ను 1 మీద రాసేస్తారు. ముందు సుద్దముక్కతో అంకెలు వేసి, ఒక పిల్లవాణ్ని 1 నుంచి 100 దాకా ఎక్కడా ఎగరకుండా నడిపించండి. వాడు ఎక్కడ ఆగి దిక్కులు చూస్తే అక్కడ తప్పు. ప్రతి వరుస మలుపులోనూ చిన్న బాణం గుర్తు వేయండి.

పాముల తలలు ఎక్కడ పెట్టాలన్నది లెక్క తెలిసి చేయాల్సిన పని. మామూలు పాచికతో నడిచే కాయ దారిలో ఏదో ఒక గడి మీద సరిగ్గా ఆగే అవకాశం ఏడింట రెండు. అంటే ఒక్క పాము తలను ఏడుగురిలో ఐదుగురు దాటిపోతారు. రెండు తలలు పక్కపక్క గడుల్లో ఉంటే 21 మందిలో 11 మంది చిక్కుకుంటారు. మూడు తలలు వరసగా పెట్టారంటే లెక్క తిరగబడుతుంది, ఏడుగురిలో ఐదుగురు పాము నోట్లోకే. ఆరు వరసగా పెడితే దాటడం ఎవరి తరమూ కాదు. అందమని పైవరుసలో 97, 98, 99 గడుల్లో మూడు పాములు గీసే పటాలు ఉన్నాయి. అలాంటి పటం మీద పీరియడు గంట కొట్టినా ఆట తేలదు. పైవరుసలో ఒక్క పాము చాలు. మొత్తం మీద ఎనిమిది పాములు, తొమ్మిది నిచ్చెనలు బాగుంటాయి. ఒక్కటి మాత్రం యాభై, అరవై గడులు దించే పెద్దపాము ఉండాలి, అది లేకపోతే పిల్లలు ఊపిరి బిగబట్టరు. నిచ్చెన పైకొస ఇంకో పాము తల ఉన్న గడిలో ముగియకుండా చూడండి.

పాచికకు అట్టపెట్టె కోసి ఎనిమిది అంగుళాల ఘనం చేయండి. ఎదురెదురు ముఖాలు కలిపితే ఏడు రావాలి: 1కి ఎదురు 6, 2కి 5, 3కి 4. జిగురుతో అంటించిన మడతలన్నీ ఒకే ముఖం వైపు పోతే ఆ ముఖం బరువెక్కి కిందికి పడుతుంది, దానికి ఎదురు అంకె మాటిమాటికీ పైకి వస్తుంది. లోపల పాత స్పాంజి ముక్కలు అన్ని వైపులా సమంగా కుక్కి, మడతలను వేరువేరు ముఖాలకు పంచండి. తయారయ్యాక 60 సార్లు వేయించి పిల్లలతోనే పట్టిక రాయించండి. ఒక్కో అంకె పది సార్లకు అటూ ఇటూ రావాలి. ఏడో, పధ్నాలుగో వచ్చినా ఫరవాలేదు. ఒకే అంకె 18, 20 సార్లు వచ్చిందంటే పాచిక విప్పి మళ్లీ చేయాల్సిందే. ఐదో తరగతికి ఇంతకంటే మంచి లెక్కల పాఠం దొరకదు.

ముప్పై మంది తరగతి అయితే ఆరుగురేసి ఐదు జట్లు. జట్టు నుంచి ఒకరే కాయ. పాము మింగినా నిచ్చెన ఎక్కినా కాయ మారాలి, అప్పుడు అందరికీ వంతు వస్తుంది.

గడుల్లో రాసే మాటలను మేం అన్నిటికంటే ముఖ్యం అనుకుంటున్నాం. పిల్లలు చేయగలిగిన చిన్న పనులు రాయండి. నిచ్చెన కింద ‘అన్నం ముందు చేతులు కడిగాను’, ‘మొక్కకు నీళ్లు పోశాను’. పాము తల దగ్గర ‘కుళాయి కట్టలేదు’, ‘చెప్పకుండా పెన్సిలు తీసుకున్నాను’. ‘పరీక్ష తప్పాడు’, ‘బద్ధకస్తుడు’ లాంటివి రాయొద్దు. ఆ గడి మీద నిలబడిన పిల్లను మధ్యాహ్న భోజనం దాకా ఆ పేరుతోనే పిలుస్తారు. మరో మాట, రెండు పాములను ఏ తప్పూ లేని పాములుగా ఉంచండి. ఒకదాని దగ్గర ‘వాన రాలేదు’, రెండోదాని దగ్గర ‘జ్వరం వచ్చింది’ అని రాయండి. ఒక నిచ్చెన కూడా ఏ గొప్పా చేయకుండా దొరికేది ఉండాలి: ‘పండక్కి మామ కొత్తబట్టలు తెచ్చాడు’. ఆ గడుల దగ్గర ఆట ఆపి, ‘ఇందులో నీ తప్పుందా? నీ గొప్పుందా?’ అని అడగండి. రెండో తరగతి పిల్లలు కూడా ‘లేదు టీచర్’ అని ఠక్కున చెబుతారు.

ప్రశ్న: మా తాతల నాటి పరమపద సోపాన పటంలో పాములకు రావణుడు, కంసుడు అని పేర్లున్నాయి. బజారులో కొన్న పటంలో పేర్లూ లేవు, దేవుళ్లూ లేరు. ఈ ఆట మనదా, ఇంగ్లీషువాళ్లదా?
– విశ్రాంత ఉద్యోగి, దేవుని కడప

జవాబు: మనదేనండీ. ఉత్తరాదిన దీన్ని జ్ఞానచౌపర్ అన్నారు. జైనులు 84 గడులతో, వైష్ణవులు 72 గడులతో గీసుకున్న పటాలున్నాయి. 13వ శతాబ్దపు మరాఠీ సాధువు జ్ఞానదేవుడు దీన్ని కల్పించాడని చెప్పుకుంటారు. అది చెప్పుకునే మాటగానే ఉంది, ఇప్పుడు చేతికందే పాత పటాలు దాదాపు అన్నీ 18వ శతాబ్దమూ ఆ తర్వాతివీ. తెలుగు, తమిళ నేలల్లో పరమపద సోపానంగా స్థిరపడింది, మనం వైకుంఠపాళి అనేదీ దాన్నే. ఇంగ్లండుకు 19వ శతాబ్దం చివర్లో చేరింది. అక్కడ మొదట పాపపుణ్యాల బొమ్మలు ఉంచారు, తర్వాత అవీ పోయి ఒట్టి అంకెలు మిగిలాయి. అమెరికాలో 1943లో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ పాముల్ని కూడా తీసేసి జారుడుబల్లలు పెట్టింది. మీరు బజారులో కొన్నది ఆ ఇంగ్లీషు రూపమే, చుట్టూ తిరిగి ఇంటికొచ్చింది.

రెంటికీ అసలు తేడా అంకెల్లో లేదు. పాత పటం కిందివరుసల్లో జంతువుల బొమ్మలు, పైకి పోయేకొద్దీ లోకాలు, అన్నిటి పైన వైకుంఠం. నిచ్చెనలకు భక్తి, జ్ఞానం, వైరాగ్యం లాంటి పేర్లు. వైకుంఠానికి కొద్ది దూరంలో అరుకాసురుడనే పెద్దపాము నోరు తెరుచుకుని ఉంటుంది, మింగితే అట్టడుగుకే. పాత పటాల్లో నిచ్చెనల కంటే పాములే ఎక్కువగా కనిపిస్తాయి. ఇంగ్లీషువాళ్లు వాటిని సరిసమానం చేశారు. పైకి పోవడం కష్టం, పడటం సులువు అని మన పెద్దలు గీసి చూపించింది ఆ లెక్కలో పోయింది. పెద్దవాళ్లు ఆడుకోవడానికి పాత పటమే నిజానికి దగ్గరగా ఉంటుందని మా అభిప్రాయం.

మీ పటంలో పేర్లు ఉన్నాయి గనుక మనవలతో ఆడేటప్పుడు ఒక పని చేయండి. ఎవరి కాయను ఏ పాము మింగితే ఆ పాము కథ మీరు నాలుగు ముక్కల్లో చెప్పాలి. కంసుడు మింగితే కంసుడి కథ. అంతవరకే. ‘నువ్వూ వాడిలా చేశావు కాబట్టి పడ్డావు’ అని మాత్రం కలపొద్దు.

ప్రశ్న: పాచిక మంచిదా, గవ్వలు మంచివా?
– ప్రొద్దుటూరు

జవాబు: నాలుగు గవ్వలతో వెల్లకిలా పడినవి లెక్కపెట్టి, అన్నీ బోర్లా పడితే ఎనిమిది అనుకునే ఇళ్లలో, రెండువైపులూ సమంగా పడతాయనుకుంటే పందెం సగటు రెండున్నర. పాచికకు మూడున్నర. 132 గడులకు పాచికతో 38 పందేలయ్యేది గవ్వలతో 53 అవుతుంది. తెల్లవార్లూ మేలుకోవాల్సిన జాగారం రాత్రికి గవ్వలే సరి, పిల్లలతో సాయంత్రం ఆటకు పాచిక. ఇంకో సంగతి, నాలుగు గవ్వలకు 5, 6, 7 ఎప్పటికీ పడవు. ఐదు గడుల దూరంలో పాము ఉంటే ఒక్క పందెంలో దాని నోట్లో పడే భయం లేదు. గవ్వకు ఒకవైపు గుండ్రం, ఒకవైపు చదును కాబట్టి నిజంలో రెండువైపులూ సమానంగా పడవు. ఆట మొత్తానికి అందరూ అవే నాలుగు గవ్వలు వాడితే అన్యాయం ఉండదు.

గవ్వలు లేకపోతే చింతగింజలు. బాగా ఎండిన, ఒకే సైజు గింజలు నాలుగు తీసుకుని, తడి చల్లిన కడపబండ మీద ఒకవైపు రుద్దండి. గోధుమరంగు పొట్టు పోయి తెలుపు కనబడగానే ఆపేయాలి. ఇంకా రుద్దితే గింజ రేకులా పలచబడి ఎప్పుడూ ఒకే వైపుకు పడుతుంది. పచ్చిగింజలైతే రుద్దుతుండగానే రెండు బద్దలవుతాయి.

ప్రశ్న: నేను శనక్కాయ సేద్యం చేసేవాణ్ని. ఊడలు దిగే టయానికి వాన ఎగ్గొట్టి పంట పోయింది. మా చిన్నోడు పటం ముందు కూర్చుని, ‘నాయనా, పాపం చేస్తే పాము మింగుతాది అని అవ్వ చెప్పింది. మన చేనుకి పాము ఎందుకు పడింది? మనమేం చేసినాం?’ అని అడిగినాడు. నాకు నోట మాట రాలేదు. ఏం చెప్పాల?
– రైతు, కళ్యాణదుర్గం

జవాబు: అన్నా, మొదట వాడికి చెప్పాల్సింది, ‘మనమేం తప్పు చేయలేదు’ అన్న మాట. ఆ మాట మీ నోటితోనే, వాడి మొహంలోకి చూసి చెప్పండి. అవ్వ చెప్పింది పటం మీద రాసిన మాట, అది పెద్దలకు వేదాంతం. ఏడెనిమిదేళ్ల పిల్లాడి తలకు మాత్రం అది ‘మా నాయన తప్పు చేసినాడు’ అని ఎక్కుతుంది. పాచికకు పాపం తెలియదు, పుణ్యం తెలియదు. వానకూ అంతే.

వాన ఎందుకు రాలేదో కూడా వాడికి అర్థమయ్యేట్టు చెప్పొచ్చు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుని మన దాకా తేలిపోయి వస్తాయి. ఈశాన్య ఋతుపవనాలు సముద్రం ఒడ్డున కురిసి, లోపలికి వచ్చేసరికి సన్నగిల్లుతాయి. అందుకే అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు మాత్రమే పడుతుంది. ఆ కొంచెం వానలోనూ ఏ నెలలో ఎంత పడుతుందో ఎవరి చేతిలోనూ లేదు. జూన్, జులైలో నేల పదును చూసి విత్తనం వేశాక, ఊడలు (పూత నుంచి నేలలోకి దిగి కాయ కట్టే కాడలు) దిగే వేళ ఆగస్టులో నాలుగు వారాలు ఎండగొడితే భూమి గట్టిపడి ఊడ లోపలికి దిగదు. దిగకపోతే కాయ లేదు. అది మీ పందెంలో పడిన అంకె.

ఇక్కడే పటాన్ని పక్కకు జరపకుండా, దాంతోనే వాడికి రెండో ముక్క చెప్పండి. పైన కర్నూలు అమ్మకు రాసిన రెండు కాయల ఆట వాడితో ఆడండి. ఒక కాయకు శనక్కాయ గింజ పెట్టుకోండి, రెండోదానికి కందిగింజ. చేనిలో ఏడు సాళ్లు శనక్కాయకు ఒక సాలు కంది వేసేది ఇందుకే. శనక్కాయ కాపు ముగిసిపోయాక కూడా కంది చేనిలోనే నిలబడుతుంది. వేరు లోతుకు పోతుంది, వెనకబడి పడిన వాన దానికి పనికొస్తుంది. శనక్కాయ గింజను పాము మింగినప్పుడు కందిగింజ ఎక్కడుందో వాణ్నే చూపించమనండి. పందెం ఎంత పడాలో మన చేతిలో లేదు, పటం మీద ఎన్ని కాయలు పెట్టాలో కొంత మన చేతిలో ఉంది. ఈ తేడా వాడు వేలితో జరిపి తెలుసుకుంటాడు. రెండు గింజలనూ పాము మింగే ఆటలు కూడా వస్తాయి. అప్పుడు దాచిపెట్టకండి. ‘ఈ ఏడు రెండూ పోయినాయి, మళ్లీ కిందినుంచి’ అని చెప్పి పాచిక వాడి చేతికివ్వండి.

మన భాషలో చేనికీ ఆటకూ ఒకటే మాట. కాయ చివరి గడి చేరితే ‘పండింది’ అంటాం, ఆట మొదలుపెట్టేముందు ‘పంటలు వేసుకుందాం’ అంటాం. మీ చిన్నోడు చేనికీ పటానికీ ముడిపెట్టడం వింతేమీ కాదు, వాడి చెవిలో ఆ రెండూ ఎప్పుడూ కలిసే ఉన్నాయి.

అవ్వను తప్పుపట్టొద్దు. ఆమెతోనూ ఓ మాట అనండి: పిల్లాడికి పాము పేరు చెప్పమనండి, కథ చెప్పమనండి, తప్పు మాత్రం కలపొద్దనండి.

ప్రశ్న: పాత కాగితం పటం మడతల దగ్గర చినిగిపోతోంది. లామినేషన్ చేయించనా?
– నంద్యాల వైపు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. లామినేషన్ వేడికి పాత కాగితం గోధుమరంగు తిరిగి, లోపలే పెళుసైపోతుంది, మళ్లీ విప్పలేరు. సెల్లోటేపు కూడా వద్దు. రెండు మూడేళ్లలో దాని జిగురు పసుపుపచ్చగా కాగితంలోకి దిగుతుంది.

ముందు ఒక మూల తడి దూదితో తాకి చూడండి. దూదికి రంగు అంటితే అసలు తడి తగలనీయకండి, మడతలు విప్పి రెండు అట్టల మధ్య పరిచి దాచండి. రంగు అంటకపోతే చెంచా మైదాకు ఏడెనిమిది చెంచాల నీళ్లు కలిపి, ఉండ కట్టకుండా, నిగనిగలాడేదాకా ఉడికించి చల్లార్చండి. చినుగు వెనకవైపు మాత్రమే, అంగుళం వెడల్పు పలచని తెల్లకాగితం పట్టీని ఆ జిగురు పలచగా రాసి అంటించండి. పైనా కిందా శుభ్రమైన తెల్లకాగితాలు వేసి, రాత్రంతా కడపబండ బరువు పెట్టండి. గంట తర్వాత ఒకసారి ఆ కాగితాలు మార్చకపోతే చెమ్మ లోపలే నిలిచి బూజు పడుతుంది. పురుగు పట్టకుండా కొందరు జిగురులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలు తాకే వస్తువులో వద్దు.

ఆడుకోవడానికి మాత్రం పటాన్ని నేల మీద పరిచి, నీడలో, సరిగ్గా పైనుంచి ఫొటో తీయండి. ఫ్లెక్సీ కొట్టే చోట మూడడుగుల చదరంగా అచ్చు వేయించుకోండి. అక్షరాలు చదవడానికి వీలుగా ఉంటాయి, పిల్లలు మీద కూర్చున్నా చినగదు.